నిదానమా, ఆలస్యమా? – వన్యప్రాణి రక్షణలో నిర్ణయ విద్య

మన పెద్దలు రెండు సామెతలు చెప్పిపోయినారు. "నిదానమే ప్రధానము" అనునది ఒకటి. "ఆలస్యము అమృతము విషము" అనునది రెండవది. రెండును సత్యములే. కాని ఒకే పనికి, ఒకే వేళ, రెండును వర్తింపవు. ఏ పనికి ఏ సామెత వర్తించునో సకాలములో తెలిసికొనుటయే వివేకము. ఈ వివేకము పుట్టుకతో రావలసినదేనా, లేక పాఠముగా చెప్పి యువకులకు అలవరుపవచ్చునా? అడవి మృగములను, పక్షులను కాపాడు శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్న కేవలము తర్కము కాదు. వారు జాగు చేసినచో ఒక జాతి భూమిమీద లేకుండ పోవచ్చును. తొందరపడినను అట్లే జరుగవచ్చును. అందుచేతనే నిర్ణయము చేయు పద్ధతిని ఒక విద్యగా నేర్పు ప్రయత్నము వన్యప్రాణి శాస్త్రములో బయలుదేరినది. ఆ ప్రయత్నపు చరిత్రయే ఈ ప్రసంగ విషయము.

హిందూ మహాసముద్రములో, జావాకు దక్షిణముగా, క్రిస్మస్ దీవి అను చిన్న ద్వీపము కలదు. అది ఆస్ట్రేలియా పాలనలోనిది. ప్రపంచములో మరెచ్చటను లేని ఒక చిన్న గబ్బిలము అక్కడ ఉండెడిది. దానిని క్రిస్మస్ దీవి పిపిస్ట్రెల్ అనెడివారు. దాని తూకము మూడు నాలుగు గ్రాములు. చీకటిలో ఎగురునపుడు అది చేయు సన్నని ధ్వని మానవుని చెవికి అందదు. దానిని పట్టుటకు ప్రత్యేక యంత్రములు కావలెను. 1980 దశాబ్దిలో ఈ గబ్బిలములు దీవిలో విరివిగా కానవచ్చినవి. 1990 దశాబ్ది మధ్యకు అవి తగ్గుచున్న సంగతి బయటపడినది. ఏల తగ్గుచున్నవి? బయటినుండి వచ్చిన పసుపు చీమలు కారణమా? పాములా? జెర్రులా? ఏదేని రోగమా? పరిశీలనలు జరిగినవి, నివేదికలు వెలువడినవి. కారణము మాత్రము తేలలేదు.

2006 నాటికి నిపుణులు కొన్ని గబ్బిలములను పట్టి, పంజరములలో భద్రపరచి, సంతతిని పెంచవలెనని సూచించిరి. ఆ సూచన వెంటనే అమలులోనికి రాలేదు. 2009 ప్రారంభమున మిగిలినవి సుమారు ఇరవై మాత్రమే యని అంచనా వేసిరి. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన పట్టుటకు ప్రయత్నము చేయుదుమని ప్రభుత్వము ప్రకటించినది. ఆగస్టులో బృందము దీవికి చేరి వలలు పన్నినది. అప్పటికి యంత్రములలో వినవచ్చినది ఒకే ఒక గబ్బిలము ధ్వని. అదియు వలలో పడలేదు. ఆగస్టు 26వ తేదీ రాత్రి ఆ ధ్వని కడపటిసారి వినవచ్చినది. ఆ పిమ్మట యంత్రములు రాత్రులకు రాత్రులు తెరచి కూర్చుండినను నిశ్శబ్దము తప్ప మరేమియు అందలేదు. 2017లో ఆ జాతి అంతరించినదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించినది.

ఈ కథలో ఎవరును నిర్లక్ష్యముగా నిద్రించినవారు కారు. గబ్బిలములను లెక్కించినారు, కారణము వెదకినారు, వ్రాతమూలకముగా హెచ్చరించినారు. కాని "ఇంకను తెలిసికొనవలసినది కలదు" అను మాట ఎల్లవేళల సత్యమే. ఆ మాట చెప్పి ఆగినవాడు తాను ఏ నిర్ణయమును చేయలేదని తలంచును. వాస్తవమునకు ఆగుట కూడ ఒక నిర్ణయమే. దానికిని ఫలితము కలదు. 2012లో టారా మార్టిన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ గబ్బిలము వృత్తాంతమును పరిశీలించి, పరిశీలన ఎంత బాగుగా జరిగినను, దానిని నిర్ణయముతో ముడిపెట్టనిచో అది అంతర్ధానమునకు సాక్షిగా మాత్రమే మిగులునని తేల్చిరి.

దీనికి ఎదురుగా మరియొక చరిత్ర కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా కాండార్ మన రాబందును పోలిన మహాపక్షి. 1982లో ఆ జాతి మొత్తము 22 పక్షులకు దిగజారినది. 1984–85 శీతకాలములో అడవిలో మిగిలిన కొద్దిపాటి పక్షులలో ఆరు కనుమరుగైనవి. అన్నింటిని పట్టి సంరక్షణలో ఉంచవలెనని కొందరు, పక్షి అడవిలో లేకున్న దాని అడవిని కూడ కాపాడువారు ఉండరని మరికొందరు వాదించిరి. వివాదము న్యాయస్థానమునకు ఎక్కినది. కడకు 1987 ఏప్రిల్‌లో చివరి అడవి పక్షిని కూడ పట్టుకొనిరి. అప్పుడు ప్రపంచమున ఉన్నవి 27 మాత్రమే. మరుసటి సంవత్సరము సంరక్షణలోనే జతకూడిన పక్షులకు మొదటి పిల్ల పుట్టినది. 1992లో పక్షులను తిరిగి అడవిలో వదలుట ప్రారంభమైనది. నేడు ఆ జాతి 500కు మించినది. అందులో సగమునకు పైగా స్వేచ్ఛగా ఎగురుచున్నవి. పట్టుకొనిన నాడు ఈ ఫలము కలుగునని ఎవరికిని నిశ్చయముగా తెలియదు. తెలియకయే, తెలియదని ఒప్పుకొనియే, వారు నిర్ణయించిరి.

ఒకచోట జాగు, మరియొకచోట సాహసము. ఈ భేదము అదృష్టమునకు వదలివేయవలసినదేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము కొంత వెనుకకు పోవలెను.

వన్యప్రాణి రక్షణ ఒక శిక్షితమైన వృత్తిగా రూపొందినది అమెరికాలో 1930 దశాబ్దిలో. 1933లో ఆల్డో లియోపోల్డ్ ఈ విషయముపై మొదటి ప్రామాణిక పాఠ్యగ్రంథమును ప్రకటించి, అదే సంవత్సరము విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనాడు. 1935లో ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయములు చేతులు కలిపి సహకార పరిశోధన కేంద్రములను నెలకొల్పినవి. అచ్చటి విద్యార్థులు నేలను, మొక్కను, మృగమును చదువుట నేర్చిరి. తరువాతి తరము గణాంక శాస్త్రమును నేర్చినది. కాళ్లకు ఉంగరములు కట్టి వదలిన పక్షులలో ఎన్ని తిరిగి దొరకినవో చూచి, ఎన్ని బ్రతికినవో లెక్కకట్టు విద్య వచ్చినది. ఈ రీతిగా విద్యార్థి చూచుట నేర్చెను, లెక్కించుట నేర్చెను. చూచి, లెక్కించి, పిమ్మట ఏమి చేయవలెనో తేల్చుట మాత్రము ఏ తరగతిలోను పాఠము కాలేదు. అది అనుభవముచేత అబ్బునని తలంచిరి.

ఆ పాఠము వేరొక దిక్కునుండి రావలసి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బ్రిటనులో పాట్రిక్ బ్లాకెట్ మొదలగు శాస్త్రజ్ఞులు యుద్ధ కార్యములను గణితముచేత పరిశీలించిరి. యుద్ధానంతరము ఆ పద్ధతులు వాణిజ్యమునకు, పరిపాలనకు వ్యాపించినవి. 1976లో రాల్ఫ్ కీనీ, హవార్డ్ రైఫా అను పండితులు, ఒకదానితో ఒకటి పొసగని అనేక ఆశయములు ఉన్నపుడు నిర్ణయము ఎట్లు చేయవలెనో వివరించు గ్రంథమును వెలువరించిరి. 1978లో హోలింగ్, 1986లో కార్ల్ వాల్టర్స్ అను జీవావరణ శాస్త్రజ్ఞులు మరియొక సూత్రమును ముందుంచిరి. ప్రకృతి విషయమున చేయు ప్రతి పనియు ఒక పరీక్ష వంటిదనియు, చేయుచు నేర్చుకొనవలెననియు, నేర్చుకొనినదానిని తరువాతి పనిలో వినియోగింపవలెననియు దాని సారాంశము.

ఈ రెండు ధారలు కలిసిన ప్రసిద్ధ సంఘటన బాతుల విషయములో జరిగినది. ఉత్తర అమెరికాలో మల్లార్డ్ అను బాతులను ఏ సంవత్సరము ఎంతవరకు వేటాడనీయవలెనో ప్రభుత్వము ఏటేట నిర్ణయింపవలెను. వేట వలన చచ్చిన బాతులు ఎట్లును ఆ శీతకాలములో చావవలసినవేనని కొందరి వాదము. కాదు, వేట మరణములు తక్కిన మరణములకు అదనమని మరికొందరి వాదము. 1976లో ఆండర్సన్, బర్న్‌హామ్ అను శాస్త్రజ్ఞులు ఎన్నో సంవత్సరముల లెక్కలను శోధించిన తరువాత కూడ ఈ తగవు తీరలేదు. 1995లో ఒక కొత్త ఏర్పాటు జరిగినది. వాదము తీరువరకు ఆగుట మానివేసిరి. మరణములపై రెండు అభిప్రాయములు, సంతానోత్పత్తిపై రెండు అభిప్రాయములు కలిపి నాలుగు గణిత నమూనాలు కట్టి, నాలుగింటికిని సమానమైన విశ్వాసము ఇచ్చిరి. ప్రతి సంవత్సరము ఏ నమూనా ఎంత చెప్పినది, వసంతకాలపు గణనలో ఎంత తేలినది అని సరిచూచి, నిజమునకు దగ్గరగా చెప్పినదానికి విశ్వాసము పెంచి, తప్పినదానికి తగ్గించిరి. ఆ విశ్వాసమును బట్టి మరుసటి సంవత్సరపు వేటను నిర్ణయించిరి. ప్రతిపక్షులు వాదము మానలేదు. కాని వాదము పనికి అడ్డుపడుట మానినది.

ఈ అనుభవము నుండి ఒక బోధనా క్రమము పుట్టినది. ఆంగ్లమున దానిని స్ట్రక్చర్డ్ డెసిషన్ మేకింగ్ అందురు. మనము క్రమబద్ధ నిర్ణయ విధానము అనవచ్చును. 1999లో కీనీ, రైఫా, హామండ్ అనువారు సామాన్య పాఠకులకై వ్రాసిన గ్రంథములోని ఐదు మెట్లు దీనికి ఆధారము: సమస్య, ఆశయములు, మార్గములు, ఫలితములు, తారతమ్యములు. వినుటకు ఇవి పిల్లల పాఠమువలె తోచును. ఆచరణలో పెద్దలకును కష్టము.

పశ్చిమ వర్జీనియాలో, పొటోమాక్ నది సమీపమున, షెపర్డ్స్‌టౌన్ అను ఊరిలో 1997లో అమెరికా ప్రభుత్వపు జాతీయ సంరక్షణ శిక్షణ కేంద్రము ప్రారంభమైనది. ఈ శతాబ్ది తొలి దశాబ్దిలో అచ్చట ఈ విధానముపై శిక్షణలు నెలకొన్నవి. వాటి పద్ధతి చిత్రమైనది. కల్పిత సమస్యలతో అభ్యాసము చేసి ఊరుకొనరు. ఒక చిన్న బృందము తన కార్యాలయములో నిజముగా తలనొప్పిగా ఉన్న సమస్యను వెంట తెచ్చుకొనును. ఈ విద్యలో ఆరితేరిన ఒక శిక్షకుడు, ఆయన వెంట శిక్షకత్వము నేర్చుకొను శిష్యుడు, ఆ బృందముతో వారము దినములు కూర్చుందురు. వారము ముగియునప్పటికి ముడిగానైనను ఒక పూర్తి నిర్ణయ నమూనా తయారు కావలెను.

మొదటి మెట్టుననే యువ శాస్త్రజ్ఞుడు తడబడును. "సమస్య ఏమి?" అని అడిగిన, "ఈ జాతిని గురించి మనకు చాలినంత తెలియదు" అని చెప్పును. శిక్షకుడు ఒప్పుకొనడు. నిర్ణయము చేయవలసినవారు ఎవరు? ఏ తేదీలోపల? ఏ చట్టమునకు లోబడి? ఈ ప్రశ్నలకు ఉత్తరము లేనిదే ముందుకు సాగరాదు. పిమ్మట ఆశయములు. "పక్షులను లెక్కింపవలెను" అన్నచో, "ఎందుకు?" అని అడుగును. "సంఖ్య తెలియుటకు." "ఎందుకు?" "తగ్గినచో ఆపుటకు." "ఎందుకు?" "ఆ జాతి నిలుచుటకు." అదిగో, అది ఆశయము, తక్కినవన్నియు ఆశయమునకు దారులు. ఈ భేదము గ్రహించుటకు కొందరికి ఒక పూట పట్టును. ఆ పైన మార్గములను వ్రాయుదురు. ఏమియు చేయకుండుట కూడ అందులో ఒకటి. ఒక పెద్ద కాగితముపై అడ్డముగా మార్గములు, నిలువుగా ఆశయములు వ్రాసి, ప్రతి గడిలోను ఫలితమును అంచనా వేయుదురు.

ఇక్కడ యువ శాస్త్రజ్ఞునకు నిజమైన పరీక్ష. విశ్వవిద్యాలయము అతనికి ఒక గొప్ప శీలమును నేర్పినది: రుజువు లేనిదే పలుకకుము. పరిశోధనా పత్రములో అది భూషణము. కాని గడి ఖాళీగా విడిచిపెట్టినచో నిర్ణయాధికారి దానిని తన ఊహతో నింపుకొనును. కనుక తెలియనిదానిని తెలియనట్లుగనే, కాని కొలతతో చెప్పు విద్య కావలెను. ఆస్ట్రేలియాలో మార్క్ బర్గ్‌మన్ మొదలగువారు దీనికి ఒక మర్యాద ఏర్పరచిరి. ప్రతి నిపుణుడును విడివిడిగా నాలుగు మాటలు చెప్పవలెను: తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, మధ్యలో తనకు తోచినదెంత, ఆ హద్దులపై తనకు ఎంత నమ్మకము. తరువాత అందరును కలిసి చర్చించి, మరల విడివిడిగా చెప్పుదురు. పెద్ద పేరున్నవాని గొంతు చిన్నవాని మాటను మ్రింగివేయకుండుటకు ఇది సాధనము. సభలో వెనుక వరుసలో కూర్చుండు కుర్ర పరిశోధకురాలు, అడవిలో నెలల తరబడి తిరిగి వచ్చినది, తన అంకెను కాగితముపై వ్రాయును. అది ఆచార్యుని అంకెతో సమానముగా బల్లపైకి వచ్చును.

మరి నిదానమా, ఆలస్యమా అను మొదటి ప్రశ్న? దానికిని ఒక కొలత కలదు. క్రొత్త సమాచారము వచ్చినచో మన నిర్ణయము మారునా? మారదన్నచో, ఆ సమాచారము ఎంత ఆసక్తికరమైనను, దానికై వేచియుండుట వ్యర్థము. మారునన్నచో, అది చేతికి వచ్చులోపల ఎంత నష్టపోవుదుమో సరిచూడవలెను. చీమలు కారణమైనను, పాములు కారణమైనను, రోగము కారణమైనను, కొన్ని గబ్బిలములను పట్టి దాచుట మంచిదే అయినపుడు, కారణము తేలువరకు ఆగుటకు హేతువు లేదు. ఈ చిన్న తర్కము 2006లో అందరి ముందును స్పష్టముగా ఉండినచో ఆ దీవిపై రాత్రులు నేడు నిశ్శబ్దముగా ఉండకపోవచ్చును.

ఆగి పరిశీలించుట మేలైన సందర్భములును కలవు. హూపింగ్ క్రేన్ అను తెల్లని క్రౌంచ పక్షుల చరిత్ర చూడుడు. 1941లో అవి సుమారు ఇరవై మాత్రమే మిగిలినవి. 2001 నుండి విస్కాన్సిన్‌లో ఒక క్రొత్త మందను నెలకొల్పుటకు, చిన్న విమానముల వెంట పిల్లలను ఫ్లోరిడా దాక నడిపించి వలస నేర్పిరి. అవి పెరిగి గూళ్లు కట్టినవి. కాని గ్రుడ్లను విడిచి లేచిపోయినవి. రక్తము పీల్చు నల్ల ఈగలు కారణమా, మనుష్యుల చేతిలో పెరుగుట కారణమా అని సందేహము వచ్చినది. ఈగలే కారణమైనచో తావు మార్చవలెను. పెంపకము కారణమైనచో పెంచు రీతిని మార్చవలెను. ఇచ్చట సమాచారము నిర్ణయమును మార్చును. కనుక 2011, 2012 సంవత్సరములలో ఈగల పిల్లపురుగులను నాశనము చేయించి చూచిరి. గూళ్లను విడుచుట తగ్గినది. క్రొత్త పక్షులను వేరు తావులలో వదలసాగిరి. సేరా కాన్వర్స్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ సమస్యను నిర్ణయ విధానముతో విడదీసి చూపిరి. ఆమెయు, మైకేల్ రంజ్ మొదలగువారును సంపాదకులుగా 2020లో వెలువడిన ఉదాహరణల గ్రంథము నేడు ఈ విద్యార్థులకు చేదోడుగా ఉన్నది.

మన దేశమున ఇట్టి సమస్యలు లేవా? కడప జిల్లాలోని కలివికోడి కథ మనకు తెలిసినదే. 1848లో జెర్డన్ అను వైద్యుడు లోకమునకు తెలిపిన ఈ రాత్రించర పక్షి ఇరువదవ శతాబ్ది ఆరంభము తరువాత కనబడక, అంతరించినదని తలంపబడి, 1986 జనవరిలో మరల దొరకినది. ఆ మేరలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. ఈ శతాబ్ది తొలి దశాబ్దిలో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల నేల మీదికి వచ్చినవి. అప్పటికి పరిశోధకులు మెత్తని మట్టి పరచి అడుగుజాడలు పట్టుచు, దాని కూతను యంత్రములతో వినిపించి బదులు కూతకై చెవి యొగ్గుచు దాని ఉనికిని వెదకుచుండిరి. ఎన్ని పక్షులు ఉన్నవో ఎవరికిని తెలియదు. రాయలసీమ రైతునకు నీరు కావలెను. పక్షికి పొద కావలెను. ఈ రెంటిలో ఏది గొప్పదో చెప్పుట శాస్త్రజ్ఞుని పని కాదు. ఏ దారిని కాలువ త్రవ్విన పక్షికి ఏమగునో, నీటికి ఏమగునో చెప్పుట అతని పని. నీరా, పక్షియా అని రెండే మార్గములు ఉన్నట్లు కనబడినచోట మూడవ మార్గము వెదకుట మరింత గొప్ప పని. కడకు కాలువ దారి మార్చబడినది.

ఈ విద్యకు హద్దులును కలవు. మంచి పద్ధతిలో చేసిన నిర్ణయము కూడ దురదృష్టము వలన చెడు ఫలితము నీయవచ్చును. అంకెల చాటున ఒకరి ఇష్టములు దాగియుండవచ్చును. అడవి అంచున బ్రతుకు కాపును, పశువుల కాపరిని బల్ల దగ్గర కూర్చుండబెట్టకుండ ఆశయముల పట్టిక వ్రాసినచో, అది ఎంత చక్కగా గీసినను అసంపూర్ణమే. అందుచేతనే మంచి శిక్షకులు మొదటి దినముననే అడుగు ప్రశ్న: "ఈ గదిలో ఎవరు లేరు?"

విత్తు వేయు రైతునకు ఈ విద్య క్రొత్త కాదు. కారు మేఘము చూచి ఎదురుచూచును. కాని అదను దాటనీయడు. వాన ఎంత కురియునో తెలిసిన పిమ్మటనే విత్తుదునన్న రైతునకు పంట లేదు. తెలియనితనమును భుజాన వేసికొని, తేదీ దాటకుండ, తన కారణములను పదిమందికి కనబడునట్లు వ్రాసి ఉంచుట నేటి యువ శాస్త్రజ్ఞునకు నేర్పుచున్న పాఠము. రేపు అతడు పొరబడినచో, ఎచ్చట పొరబడెనో తరువాతివారికి తెలియును. క్రిస్మస్ దీవి గబ్బిలము ధ్వని మానవుని చెవికి అందనిది. కాని దానిని వినుటకు యంత్రములు అక్కడ ఉండెను, వినువారును ఉండిరి. వినినదానిని వేళకు పనిగా మార్చు విద్యయే కొరవడినది.